ఎవరూ లెక్కలోకి తీసుకోని అభ్యర్థికి చందా ఇవ్వడం వృథాయేనా?

మీరు రాసినదాని సారాంశం ఇది. న్యూజెర్సీలో ఏళ్ళుగా ఉంటున్న మీకు ఈమధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది. రాబోయే అధ్యక్ష ఎన్నికకు పార్టీ అభ్యర్థిత్వం ఆశిస్తున్నవారిలో మీకు నచ్చిన వ్యక్తికి సర్వేల్లో ఒక్క శాతం కూడా రావడం లేదు. ఇలాంటివారు ఏ ధైర్యంతో బరిలోకి దిగుతారు, ఎప్పుడైనా ఎవరైనా గెలిచారా, వారికి చందా ఇస్తే అది బూడిదలో పోసిన పన్నీరేనా అని అడిగారు. గెలిచినవారు ఉన్నారు, అయితే వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. చందా సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే దానికి జవాబు ఈ పోటీ నడిచే తీరులోనే ఉంది. అమెరికా ప్రైమరీలను, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి రాష్ట్రాలవారీగా ఓటర్లతో జరిపే ఎన్నికలను, చాలాకాలంగా గమనిస్తున్నవాడిగా నాకు అర్థమైనది ఇది: ఇలాంటి అభ్యర్థికి ఇవాళ సర్వేలో ఎంత శాతం వస్తున్నదన్నది పెద్దగా లెక్కలోది కాదు. ఆయన బలాన్ని మొదటిసారి తూచే చోటు ఏది, ఆ చోట ఆయన నుంచి జనం ఎంత ఆశిస్తున్నారు అన్న రెండు విషయాలే ఆయన భవితవ్యాన్ని తేలుస్తాయి.

మన దగ్గర పార్టీ అధిష్ఠానం ఎవరికి బి-ఫారం ఇస్తే వారే అభ్యర్థి. టికెట్ ఆశించినవారి బలం పార్టీ కార్యాలయం ముందు జరిగే ధర్నాల్లో కనిపించవచ్చుగాని ఓట్లలో తేలదు. అమెరికాలోనూ ఒకప్పుడు దాదాపు ఇదే పద్ధతి. రాష్ట్రాల నాయకులు, అభ్యర్థిని ఎన్నుకోవడానికి ఓటు వేసే తమ ప్రతినిధులను వెంటబెట్టుకుని, పార్టీ జాతీయ మహాసభకు వచ్చి, తలుపులు మూసుకుని బేరాలాడి అభ్యర్థిని తేల్చేవారు. 1844లో తొమ్మిదో విడత ఓటింగులో జేమ్స్ పోక్, 1920లో పదో విడతలో వారెన్ హార్డింగ్, 1924లో ఏకంగా 103వ విడతలో జాన్ డేవిస్ అలా తేలినవారే. అనామకులు గెలిచిన ఉదాహరణలుగా వీరి పేర్లను చాలామంది చెబుతుంటారు, కాని ఆ పోలిక నాకు సరైనదనిపించదు. బలవంతులు ఒకరినొకరు అడ్డుకున్నప్పుడు ఎవరికీ అభ్యంతరం లేని మనిషిగా మిగిలినవారు వీరు. జనంలోకి వెళ్ళి బలం పెంచుకున్నవారు కారు. ఆ రోజుల్లో మీరు అడిగిన తరహాకు కాస్త దగ్గరగా వచ్చేది 1940 నాటి వెండెల్ విల్కీ ఒక్కరే. ఆయన విద్యుత్ కంపెనీల అధిపతి, ఆ ముందటి ఏడాదిదాకా డెమోక్రాట్, ఎన్నికల్లో గెలిచి ఏ పదవీ చేపట్టనివారు. అయినా ఫిలడెల్ఫియా మహాసభలో గ్యాలరీల హోరు మధ్య ఆరో విడతలో రిపబ్లికన్ అభ్యర్థి అయ్యారు.

నేటి పద్ధతికి బీజం 1968లో పడింది. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ మిన్నెసోటా సెనేటర్ యూజీన్ మెకార్తీ తన సొంత పార్టీకే చెందిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌పై దిగినప్పుడు ఆయనను తీవ్రంగా పరిగణించినవారు తక్కువ. మార్చి 12న న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో, తన పేరు బ్యాలెట్‌పై లేకపోయినా ఓటర్లు చేత్తో రాసి వేసిన ఓట్లతోనే, జాన్సన్‌కు 49 శాతం వచ్చింది; మెకార్తీకి 42 శాతం. అంకెల ప్రకారం గెలిచింది జాన్సన్. కాని పదవిలో ఉన్న అధ్యక్షుడికి సొంత పార్టీలో సగం ఓట్లు కూడా రాలేదన్నదే దేశానికి వార్త అయింది. నాలుగు రోజులకు రాబర్ట్ కెనెడీ రంగంలోకి వచ్చారు. మార్చి 31 రాత్రి జాన్సన్ తాను తిరిగి పోటీ చేయనని ప్రకటించారు. చివరకు ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీకి చికాగో మహాసభ అభ్యర్థిత్వం కట్టబెట్టడంతో కార్యకర్తల్లో రేగిన ఆగ్రహం మెక్‌గవర్న్-ఫ్రేజర్ కమిషన్‌కు దారితీసింది. ప్రతినిధుల్లో అత్యధికులను సామాన్య ఓటర్లే తేల్చే పద్ధతి అక్కడి నుంచి స్థిరపడింది. ఆ కమిషన్‌కు తొలి అధ్యక్షుడైన జార్జ్ మెక్‌గవర్న్, సర్వేల్లో అడుగున ఉండి కూడా, 1972లో ఆ కొత్త నిబంధనల మీదే నడిచి అభ్యర్థి కావడం కాకతాళీయమేమీ కాదు. నిబంధనలు తెలిసినవాడికి సగం పని అయిపోయినట్టే.

వీటన్నిటిలో జిమ్మీ కార్టర్ కథను కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆ తర్వాత దిగిన ప్రతి అనామక అభ్యర్థీ తానే రేపటి కార్టర్ అనుకున్నారు. 1974 డిసెంబరులో పోటీ ప్రకటించేనాటికి ఆయన జార్జియా గవర్నరుగా పదవీకాలం ముగించబోతున్నారు, దేశంలో ఆయన పేరు చెబితే "జిమ్మీ ఎవరు?" అనే అడిగేవారు. కాని ఆయన సహాయకుడు హామిల్టన్ జోర్డన్ 1972 నవంబరులోనే డెబ్బై పేజీలకు పైగా వ్యూహపత్రం రాసి ఇచ్చాడు. అన్ని రాష్ట్రాలకంటె ముందు జరిగేవైనా, అప్పటికి అయోవా కాకస్‌లను పెద్ద నాయకులు అంతగా పట్టించుకునేవారు కారు. కాకస్ అంటే ఒక సాయంత్రం బడిలోనో, చర్చి హాల్లోనో ఇరుగుపొరుగు కూడి తమ మద్దతును తేల్చుకునే సమావేశం గనక, కొన్ని వేలమందిని ముఖాముఖి కలవగలిగినవాడికి అక్కడ టీవీ ప్రకటనలకు మించిన బలం ఉంటుంది. పదవి లేని కార్టర్‌కు అందరికంటె ఎక్కువగా ఉన్నది తీరిక.

1976 జనవరి 19న అయోవాలో అందరికంటె ముందు నిలిచింది, నిజానికి, ఎవరికీ మద్దతు ప్రకటించని వర్గం. దానికి 37 శాతం, రెండో స్థానంలో ఉన్న కార్టర్‌కు దాదాపు 28 శాతం. మరునాడు పత్రికలు కార్టర్ గెలిచాడనే రాశాయి. న్యూహాంప్‌షైర్‌లోనూ ఆయనకు వచ్చింది 28 శాతమే. మారిస్ యుడాల్, బర్చ్ బే, ఫ్రెడ్ హారిస్, సార్జెంట్ ష్రైవర్ ఉదారవాదుల ఓట్లను పంచుకోగా, మిగిలిన ఓటర్లకు కార్టర్ ఒక్కరే దిక్కయ్యారు. మరో పోటీదారు సెనేటర్ హెన్రీ జాక్సన్ ఆ రాష్ట్రాన్ని వదిలేశారు. మార్చిలో ఫ్లోరిడాలో అలబామా గవర్నరు జార్జ్ వాలెస్‌ను ఓడించేసరికి కార్టర్ అనామకుడు కాకుండా పోయారు. దీనివెనుక మరొక మార్పు ఉంది, అది చాలా వివరణల్లో కనిపించదు: 1974 నాటి చట్ట సవరణలతో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ప్రైమరీల్లో ఇవ్వగల చందాకు 1,000 డాలర్ల పరిమితి వచ్చింది, చిన్న చందాలకు సమానంగా ప్రభుత్వ ఖజానా నుంచి సొమ్ము చేర్చే ఏర్పాటు 1976లోనే మొదటిసారి అమలైంది. ధనవంతులైన పోషకులు లేని అభ్యర్థికి అంతకంటె అనుకూలమైన సంవత్సరం మరొకటి దొరకదు.

ఇప్పుడు దీనిపక్కన జాన్ డెలనీని పెట్టి చూడండి. మేరీలాండ్ నుంచి మూడుసార్లు కాంగ్రెస్‌కు ఎన్నికైన ఈయన 2020 ఎన్నికకు 2017 జూలైలోనే, అంటే కార్టర్ కంటె కూడా ముందుగా, పోటీ ప్రకటించారు. అయోవాలోని 99 కౌంటీలూ తిరిగారు, సొంత డబ్బు కోట్ల డాలర్లలో కుమ్మరించారు. కాకస్‌కు మూడు రోజుల ముందు, 2020 జనవరి 31న, తప్పుకున్నారు. మనిషిలో లోపమేమీ లేదు. పరీక్ష జరిగే చోటు మారిపోయింది. కార్టర్ నాటికి అయోవా తొలి పరీక్ష. డెలనీ నాటికి అయోవా రాకముందే వేసవిలో టీవీ చర్చల రూపంలో పరీక్ష పూర్తవుతోంది. 2019 జూన్‌లో మయామీలో జరిగిన తొలి చర్చకు రావాలంటే మూడు సర్వేల్లో ఒక్కొక్క శాతమైనా రావాలి, లేదా 65,000 మంది చందాదారులు ఉండాలి. అలా ఇరవైమంది వచ్చారు గనక రెండు రాత్రులు పంచవలసి వచ్చింది. సెప్టెంబరు చర్చకు నిబంధన బిగించి, 1,30,000 మంది చందాదారులూ, నాలుగు సర్వేల్లో రెండేసి శాతమూ రెండూ ఉండాలన్నారు. పదిమందే మిగిలారు, డెలనీ వారిలో లేరు. వేదిక మీద కనిపించనివాడికి సర్వేలో శాతం రాదు, శాతం రానివాడికి వేదిక దొరకదు. ఒకప్పుడు పార్టీ పెద్దలు మూసిన తలుపు ఇప్పుడు అంకెల రూపంలో మూసుకుంటోంది, తేడా అంతే.

ఈ అంకెల వేటలో వింతలు కూడా జరుగుతాయి. 2023లో రిపబ్లికన్ పార్టీ తొలి చర్చకు 40,000 మంది చందాదారులు కావాలన్నప్పుడు నార్త్ డకోటా గవర్నరు డగ్ బర్గమ్, ఒక డాలరు చందా ఇచ్చినవారికి 20 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపుతానని ప్రకటించి వేదిక ఎక్కారు. 2019లో మాజీ సెనేటర్ మైక్ గ్రావెల్ తరఫున కొందరు కుర్రవాళ్ళు ట్విట్టర్‌లో ప్రచారం నడిపి 65,000 మంది చందాదారులను కూడగట్టారుగాని, సర్వేల్లో అర్హత పొందినవారితోనే ఇరవై స్థానాలూ నిండిపోవడంతో ఎనభై తొమ్మిదేళ్ళ ఆ పెద్దాయనకు చోటు దక్కలేదు. నా దృష్టిలో బర్గమ్‌ది మోసం కాదు, అర్థం లేని నిబంధనకు అంతే అర్థం లేని జవాబు.

వేదిక సంగతి అలా ఉంచితే, బ్యాలెట్‌పై పేరు ఎక్కించుకోవడమే చాలామందికి తలకు మించిన పని అవుతుంది. న్యూహాంప్‌షైర్‌లో 1,000 డాలర్ల రుసుము కడితే చాలు, అందుకే అక్కడి బ్యాలెట్‌లో మీరెన్నడూ వినని పేర్లు పొడుగ్గా కనిపిస్తాయి. వర్జీనియా అలా కాదు. 2012 రిపబ్లికన్ పోటీకి అక్కడ 10,000 సంతకాలు, అందులో ఒక్కొక్క కాంగ్రెస్ నియోజకవర్గం నుంచి కనీసం 400 ఉండాలన్నది నియమం. మిట్ రామ్నీ, రాన్ పాల్ తప్ప ఎవరూ నిలవలేకపోయారు; ఆ రాష్ట్రంలోనే కాపురమున్న న్యూట్ గింగ్రిచ్ పేరు కూడా బ్యాలెట్‌పైకి రాలేదు. కాబట్టి ఒక అభ్యర్థి ప్రసంగాలు విని మురిసిపోయే ముందు, ఆయనకు సంతకాలు సేకరించే మనుషులు ఏయే రాష్ట్రాల్లో ఉన్నారో ఆరా తీయడం మంచిది.

అంచనాను దాటడం ఎంత ముఖ్యమో, అది సరైన రాత్రి జరగడం అంత ముఖ్యం. అదే 2012 రిపబ్లికన్ పోటీలో మాజీ సెనేటర్ రిక్ శాంటోరమ్ చేతిలో డబ్బు లేకపోయినా అయోవాలో కౌంటీ కౌంటీ తిరిగి ప్రచారం చేశారు. జనవరి 3 రాత్రి రామ్నీ ఎనిమిది ఓట్ల తేడాతో గెలిచినట్టు ప్రకటన వెలువడింది. పదహారు రోజుల తర్వాత లెక్క సరిచూస్తే శాంటోరమ్‌కే 34 ఓట్లు ఎక్కువని తేలింది. అప్పటికి న్యూహాంప్‌షైర్ అయిపోయింది, విలేకరులు వెళ్ళిపోయారు, చందాలు రావలసిన వారం గడిచిపోయింది. ఆ ముప్పై నాలుగు ఓట్లు ఆ రాత్రే బయటపడి ఉంటే రామ్నీ ఓడిపోయేవారని నేను అనను, కాని పోటీ మరింత దూరం సాగేది. 2020లో ఫలితాలు చేరవేసే యాప్ చెడిపోయి డెమోక్రాట్ల అయోవా ఫలితం రోజుల తరబడి తేలకపోవడంతో, సౌత్ బెండ్ అనే మధ్యతరహా ఊరికి మేయరుగా పనిచేసిన పీట్ బుటిజెజ్ కూడా ఇదే నష్టం చవిచూశారు.

ఓడిపోతామని తెలిసీ దిగేవారి సంగతికి వస్తే, కొందరి లెక్క పూర్తిగా లౌకికమైనది, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. జో బైడెన్ 2008లో అయోవాలో ఒక్క శాతం కూడా తెచ్చుకోలేక అదే రాత్రి తప్పుకున్నారు. ఆ ఏడాదే ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 2019 డిసెంబరులో, తొలి ఓటు పడకముందే తప్పుకున్న కమలా హారిస్ తర్వాతి ఏడాది అదే పదవికి గెలిచారు. బుటిజెజ్ రవాణా మంత్రి అయ్యారు. గిఫ్ట్ కార్డులు పంచిన బర్గమ్ 2025లో ప్రభుత్వ భూములు, సహజ వనరులు చూసే ఇంటీరియర్ శాఖకు మంత్రి అయ్యారు. అయితే లాభం అందరికీ ఉండదు. అంతరిక్ష యాత్రతో దేశమంతా పేరు పొందిన జాన్ గ్లెన్‌కు 1984 పోటీలో మిగిలిన అప్పు రెండు దశాబ్దాల తర్వాత కూడా పూర్తిగా తీరలేదు.

నన్నడిగితే, ఓడిపోయినవారిలో అందరికంటె ఎక్కువ సాధించినది నల్లజాతి పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్. ఆయనకు ముందు 1972లో షర్లీ చిషోమ్, ప్రధాన పార్టీ అభ్యర్థిత్వానికి పోటీపడిన తొలి నల్లజాతి కాంగ్రెస్ సభ్యురాలిగా, మయామీ బీచ్ మహాసభలో 152 ప్రతినిధి ఓట్లు తెచ్చుకుని దారి వేశారు. 1984లో జాక్సన్‌కు ముప్పై లక్షలకు పైగా ఓట్లు వచ్చినా ప్రతినిధులు ఆ దామాషాలో రాలేదు, ఎందుకంటే చాలా చోట్ల నిబంధనలు ముందున్నవాడికి మొగ్గు చూపేవి. 1988లో దాదాపు డెబ్బై లక్షల ఓట్లతో రెండో స్థానంలో నిలిచి, మహాసభకు ముందు జరిగిన సంప్రదింపుల్లో ఆయన వర్గం పట్టుబట్టి సాధించుకున్న వాటిలో ముఖ్యమైనది, ప్రతినిధులను అన్ని రాష్ట్రాల్లోనూ ఓట్ల దామాషాలోనే పంచాలన్న నియమం. పదిహేను శాతం దాటిన ప్రతివారికీ వాటా ఉంటుంది. ఆ రోజు ఇది పెద్ద వార్త కాలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత అది ఎవరికి అక్కరకు వచ్చిందో చూడండి. 2008 ఫిబ్రవరి 5న హిల్లరీ క్లింటన్ కాలిఫోర్నియా, న్యూయార్క్‌తోపాటు మీ న్యూజెర్సీని కూడా గెలిచారు. న్యూజెర్సీలో ఆమెకు 59 మంది ప్రతినిధులు వస్తే బరాక్ ఒబామాకు 48 మంది; తేడా పదకొండు. అదే రోజు ఎవరూ పట్టించుకోని ఐడహోలో ఒబామాకు 15 మంది, క్లింటన్‌కు ముగ్గురు, తేడా పన్నెండు. గెలిచినవాడికే మొత్తం అన్న పద్ధతి ఉండి ఉంటే ఆ రాత్రితో పోటీ ముగిసేది. ఈ తరహా మార్పు బెర్నీ శాండర్స్ విషయంలోనూ జరిగింది: 2016లో ఆయన ఇరవై రెండు రాష్ట్రాలు గెలిచి ఓడిపోయాక, పార్టీ పెద్దలుగా నేరుగా ఓటు వేసే సూపర్ డెలిగేట్లు తొలి విడతలో ఓటు వేయకూడదని 2018లో నిబంధన మార్చారు.

రిపబ్లికన్ పార్టీలో లెక్క వేరు. అక్కడ అనేక రాష్ట్రాల్లో ముందున్నవాడికే ప్రతినిధులందరూ, లేదా అత్యధికులు, దక్కుతారు. 2016లో సౌత్ కరొలైనాలో డొనాల్డ్ ట్రంప్‌కు మూడో వంతుకంటె తక్కువ ఓట్లు వచ్చినా యాభై మంది ప్రతినిధులూ ఆయనకే వెళ్ళారు. పదిహేడుమంది దిగిన ఆ పోటీలో చిన్న అభ్యర్థులు ఎక్కువకాలం నిలిచిన కొద్దీ లాభపడింది ట్రంపే. మీ అభ్యర్థి ఏ పార్టీవారో మీరు రాయలేదు గాని, అది తెలియకుండా "నిలవాలా, తప్పుకోవాలా" అన్న ప్రశ్నకు జవాబు లేదు: డెమోక్రాట్ అయితే పదిహేను శాతం గీతకు పైన ఉన్నంతకాలం నిలవడంలో అర్థముంది, రిపబ్లికన్ అయితే మూడో స్థానం ఎక్కడికీ తీసుకుపోదు. ఎప్పుడు ఆగాలో తెలియనివారికి ఉదాహరణ హెరాల్డ్ స్టాసెన్: 1948లో రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి తన ప్రత్యర్థి అయిన న్యూయార్క్ గవర్నరు థామస్ డ్యూయీతో రేడియోలో చర్చకు నిలిచినంత బలమైన అభ్యర్థి, ఆ తర్వాత 1992 దాకా పోటీ చేస్తూనే పోయి చివరకు నవ్వులపాలయ్యారు.

ఇక మీ చందా. న్యూజెర్సీ ప్రైమరీ మామూలుగా జూన్‌లో జరుగుతుంది, అప్పటికి చాలాసార్లు పోటీ తేలిపోయి ఉంటుంది. మీ అభ్యర్థి పేరు మీ బ్యాలెట్‌దాకా వస్తుందని నమ్మకం పెట్టుకోకండి. అంటే ఈ వ్యక్తికి మీ ఓటు ఉపయోగపడే అవకాశం తక్కువ. మీ పది డాలర్లకు, రెండు శనివారాల ఫోన్ పనికి ఉన్న విలువే ఎక్కువ. ఇచ్చేదేదో తొందరగా ఇవ్వండి, కొద్దిగా ఇచ్చినా పరవాలేదు. చర్చల నిబంధనలు గత రెండు ఎన్నికల మాదిరే చందాదారుల సంఖ్యను లెక్కిస్తే, ఒక డాలరు ఇచ్చినవారూ 3,500 డాలర్ల గరిష్ఠ పరిమితి మేరకు ఇచ్చినవారూ ఆ లెక్కలో ఒక్కరే. రెండోసారి ఇచ్చే ముందు మాత్రం చూడవలసినవి ఉన్నాయి: ఆయన చర్చా వేదిక ఎక్కారా, తొలి రాష్ట్రాల్లో ఏదో ఒక్కదానిలోనైనా జీతగాళ్ళు కాక స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారా, అక్కడ ఆయన నుంచి ఆశిస్తున్నది తక్కువగా ఉందా. ఈ మూడూ లేకపోతే మీ సొమ్ము పాత అప్పులు తీర్చడానికే పోతుంది.

ఇంట్లో అందరి పేరునా తలా కొంత ఇద్దామని రాశారు, అక్కడ జాగ్రత్త. గ్రీన్ కార్డు ఉన్నవారు చందా ఇవ్వవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. హెచ్1బి మీదో, విద్యార్థి వీసా మీదో ఉన్నవారు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, వారి డబ్బును మీ పేరుతో ఇవ్వడమూ చట్టవిరుద్ధమే. జీతం తీసుకోకుండా ఫోన్లు చేయడానికి, కరపత్రాలు పంచడానికి వారికి అభ్యంతరం లేదు. ప్రచార ఖర్చుల నిర్ణయాల్లో మాత్రం పాలుపంచుకోకూడదు.